బిళ్ల లేని మడత సైకిల్

మహబూబ్‌నగర్
12 ఆగస్టు 2018

అన్నకు, చెల్లె మెర్సీ రాసేది.

నీకు చెవులు ఇంకింత మందమైనయని వదిన ఫోన్‌ల చెప్పింది. నేనొకటంటే నువ్వొకటి విని కోపానికొస్తున్నవట. మన నడుమ పాత కోపాలే చాలు, కొత్తయి ఎందుకని కాయితం పట్టిన.

దవాఖాన నౌకరి నుంచి దిగి రెండు నెలలాయె. పొద్దున్నే లేచి తయారైనంక యాదికొస్తది, పోయేది ఎక్కడికీ లేదని. క్వార్టర్ ఖాళీ చేసి కిరాయింట్ల దిగిన. క్వార్టర్ల సామాను సర్దుతుంటే మంచం కిందికెల్లి మడత సైకిల్ బయట పడ్డది. యాదికుందా? బెనిత్తు ఫాదర్ ఇటలీ నుంచి తెచ్చుకున్న ఆకుపచ్చది. ఆయన రామన్నపేట విడిచి వాళ్ల దేశం పోయేటప్పుడు నాకొచ్చింది కదా. నర్సు ట్రైనింగ్ అయినంక దాన్ని మడిచి బస్సుల పెట్టుకొని, దిగినకాడ విప్పి తొక్కుకుంట ఎన్ని ఊర్లు తిరిగి సూదులేసిన్నో.

మా పక్క గల్లీల రఘుపతి సారని ఉన్నడు. కాలేజీల పాఠాలు చెప్పి రిటైర్ అయిండు. పాత సైకిళ్లంటే పిచ్చి. వాకిట్ల దీన్ని చూసి చెప్పులిడిచి కింద కూసున్నడు. "అమ్మా, ఇటలీ మడత సైకిళ్ల ఫొటోలు మస్తు చూసిన. అన్నిటికి నడుమ కీలు నిలువుగ ఉంటది. దీనికి ఏటవాలుగ ఉంది. ఒక్క చెయ్యితోని మడత పడుతుంది. ఇది ఎవరు చేసిండ్రు?" అన్నడు. ముందట కంపెనీ బిళ్ల ఉండాల్సిన జాగల రెండు రంధ్రాలే ఉన్నయి.

ఫాదర్ ఉన్నప్పుడు దానికి మరమ్మతు చేసింది నువ్వూ బాపూ. ఏమన్న పేరు, గుర్తు చూసినట్టు యాదికుంటే రాయి. వదినను అడిగినట్టు చెప్పు.

నీ చెల్లె,
మెర్సీ


రామన్నపేట
24 ఆగస్టు 2018

మెర్సీకి,

నీ జాబు ముట్టింది. ఎవరితోని చదివించుకోలె, నేనే చదువుకున్న. చెవులు పోయినయి గని కండ్లు మంచిగనే ఉన్నయి.

యాదికుందా అని అడిగినవ్. ఆరేండ్లు నా చేతుల మీద ఉన్న సైకిల్. నీ కంటె నాకే ఎక్కువ యాదికుంది.

మొదటిసారి పెడళ్ల కాడ కిర్రుమంటాందని ఫాదర్ తీస్కొచ్చిండు. నాకు పదిహేనేండ్లు. మన సైకిళ్లకు పెడళ్ల ఇరుసును పట్టే కప్పు ఉంటది, చైన్ దిక్కు దాని మర ఉల్టా. నేను ఎప్పటి లెక్కనే ఉల్టా తిప్పిన. రాదు. పానాకు పైపు తొడిగి తిప్పిన. భుజాలు పోయినయి. బాపు పక్కన బీడీ తాగుకుంట చూసి, "ఇగో, విప్పుతున్నవా బిగిస్తున్నవా?" అన్నడు. గప్పుడు సీదా తిప్పితే వచ్చింది. ఇటలీ సైకిల్‌కు రెండు దిక్కులా మర ఒక్కటే తీరు. గది మీ సారుకు పుస్తకాల దొరికిందో లేదో. చెప్పింది జానయ్య అని చెప్పు.

పెడళ్ల ఇరుసు కింద రంగు గీకితే నంబరు ఉంటది. చూడుండ్రి.

ఇంతకు ఆయనకు అంత ఖాయిష్ ఎందుకు? అమ్మకానికి పెట్టినవా? పెడితే సీదా చెప్పు. నీ సైకిల్, నీ ఇష్టం. నన్ను అడిగేదేముంది.

నాగులమ్మ అడిగినట్టు రాయమన్నది.

జానయ్య


మహబూబ్‌నగర్
9 సెప్టెంబర్ 2018

అన్నకు,

అమ్ముతున్నని ఎవరన్నరు? అమ్మేదుంటే నీకు జాబు రాద్దునా?

నువ్వు చెప్పినట్టే సారు కప్పు తిప్పి చూసిండు. సీదా వచ్చింది. "ఇటలీదే, డౌటు లేదు. మీ అన్న పనోడమ్మా" అన్నడు. కింద రంగు గీకినం. నంబరు ఎంతో తెలుసా? నలభై ఏడు. అంతే, ముందట వెనక ఏం లేదు. పెద్ద కంపెనీల నంబర్లు వేలల్ల లక్షల్ల ఉంటయట. ఇది ఏదో చిన్న ఊర్ల, చిన్న దుకాణంల ఒక మనిషి చేసి ఉంటడు, పేరు దొరకాలంటే బిళ్లనే దిక్కు అంటున్నడు.

బిళ్ల గూడ ఊడిపోలేదట. రంధ్రాల పక్కన స్క్రూడ్రైవర్ గీతలున్నయి, అద్దం పెట్టి చూపించిండు. ఎవరో కావాలని పీకిండ్రు. ఫాదర్ ఉండే బంగ్లాల ఎవరి పిల్లలన్న చేసిండ్రో, నా హాస్టల్‌ల ఎవరన్న ఓర్వలేక చేసిండ్రో. నా దగ్గర సైకిల్ ఉండుడు చూసి కండ్లల్ల నిప్పులు పోసుకున్నోళ్లు అప్పుడు తక్కువ లేరు.

నువ్వు రాసిన బాపు ముచ్చట రెండుసార్లు చదివిన. నాకు అసూయ అయింది, అబద్ధం చెప్పను. నేను గూడ దుకాణంల కూసునేదాన్ని. పానా అందిస్తే బాపు "నువ్వు పో, చదువుకో" అనేటోడు. నువ్వు తప్పు చేసినా పక్కన కూసొని నేర్పించిండు. నన్ను ఒక్క కప్పు గూడ తిప్పనియ్యలె.

మెర్సీ


రామన్నపేట
20 సెప్టెంబర్ 2018

మెర్సీకి,

ఎవరో పీకిండ్రు, ఎవరో ఓర్వలేకపోయిండ్రు అని రాసినవ్. ఆ ఎవరో ఎవరో నాకు సమజ్ కాదా? సీదా పేరు పెట్టి రాయరాదు? ఊర్ల స్క్రూడ్రైవర్ ఉన్నోడల్లా దొంగనేనా?

నీకు అసూయనా. నౌకరి నీకొచ్చె, క్వార్టర్ నీకొచ్చె, పింఛన్ నీకొచ్చె. నేను పదకొండేండ్లకు బడి మానేసి పంచర్లేసిన. నా చేతులు చూడు, సబ్బుకు పోని నలుపు. బైకులు వచ్చినంక దుకాణానికి వచ్చేటోడే లేకపాయె. పొద్దుందాక ఇద్దరు వస్తే పండుగ.

నువ్వు బాపు నేర్పలేదంటున్నవ్. బాపు ఆఖరికి దవాఖానల ఉన్నప్పుడు తొమ్మిది దినాలు పక్కన కూసున్నది నేను. నోట్లె నీళ్లు పోసింది నేను. "మెర్సీ వచ్చిందా, మెర్సీ వచ్చిందా" అని అడిగిండు గని "జానయ్యా తిన్నవా" అని ఒక్కసారి అనలె. నువ్వు మూడో దినం వచ్చి, సూది చూసి, డాక్టర్‌తోని ఇంగ్లీషుల మాట్లాడి పోతివి. అందరు "లచ్చయ్య బిడ్డ ఎంత మంచిది" అన్నరు.

సైకిల్ గురించి నన్ను ఇంక అడగకు.

జానయ్య


మహబూబ్‌నగర్
14 అక్టోబర్ 2018

అన్నకు,

పేపర్ల సైకిల్ సంగతి వచ్చింది చూసినవట. వదిన చెప్పింది, చదివి పేపర్ మడిచి పొయ్యిల పెట్టినవని. "నర్సు మెర్సీ గారి అరుదైన ఇటలీ సైకిల్, గుట్టు విప్పుతున్న రఘుపతి" అని రాసిండ్రు. కప్పు సంగతి చెప్పింది మా అన్న జానయ్య, రామన్నపేట అని నేను చెప్పిన. సారు గూడ చెప్పిండు. ఆ పేపర్ పిల్లగాడు రాసుకున్నడు. అచ్చుల రాలేదు. దానికి నేనేం చేయాలె?

బాపు నిన్ను అడగలేదని రాసినవ్. ఎదురుంగున్న మనిషిని ఏమని అడుగుతడు? లేనిదాన్నే అడుగుతరు. దవాఖానల ముప్పై ఏండ్లు చూసిన నేను.

బిళ్ల సంగతి. మొన్న జాబు రాసినప్పుడు నిన్ను మనసుల పెట్టుకొని రాయలె, ప్రమాణం. నువ్వు నా మీదికి వచ్చినంకనే నాకు అనుమానం పుట్టింది. అందుకే ఇప్పుడు నువ్వన్నట్టే పేరు పెట్టి అడుగుతున్న. పీకింది నువ్వేనా?

మెర్సీ


రామన్నపేట
2 నవంబర్ 2018

చెల్లె మెర్సీకి,

అవు, నేనే.

ఇది నాగులమ్మకు గూడ చెప్పలె ఇన్నేండ్లు. నువ్వు ట్రైనింగ్‌కు పోయే ముందు సైకిల్‌కు నూనె పెట్టుమని దుకాణంల విడిచిపోయినవ్. బాపు భువనగిరికి సామాన్ల కోసం పోయిండు. నేను చైన్ కడిగిన, బాల్సు మార్చిన, గాలి కొట్టిన. తుడుస్తుంటే ముందట బిళ్ల మెరిసింది. ఆరేండ్ల నుంచి నేను తుడిచిన బిళ్ల. ఫాదర్ పోయిన నాడు బాపు సైకిల్ ఇంటికి తెచ్చి, "ఫాదర్ మెర్సీకి ఇచ్చిండు" అన్నడు. నేను వాకిట్లనే ఉన్న. నాకు ఇరవై ఒక్కటేండ్లు, ఏడిస్తే నవ్వుతరు.

స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన. ఒక రివీటు ఊడింది, రెండోది ఊడలె, సుత్తె పెట్టిన. నువ్వు వచ్చి చూసి ఏడుస్తవని భయపడ్డ. నువ్వు చూడనే లేదు. ఎక్కి పోయినవ్. గదే నన్ను ఇంకింత మండించింది. ముందట బిళ్ల ఉందో లేదో చూడనిదానికి ఆ సైకిల్ ఎందుకు అనిపించింది.

మూడు దినాలు అంగీ జేబుల పెట్టుకొని తిరిగిన. ఇంట్ల పెడితే బాపు చూస్తడు. పారేసేదానికి చెయ్యి రాలె. ఆఖరికి పాలాయన సైకిల్ మడిగార్డు కొట్టుకుంటుంటే, బిళ్లకు నడుమ రంధ్రం చేసి వాషర్ లెక్క బోల్టు కింద వేసిన. ఆ సైకిలూ లేదు, ఆ పాలాయనా లేడు.

పేరు మర్వలె. రెక్కలు చాపిన కొంగ బొమ్మ. పైన వి, ఇ, ఆర్, డి, ఓ, ఎల్, ఐ, ఎన్. కింద చిన్నగ సి, ఆర్, ఇ, ఎం, ఎ. మీ సారుకు ఇయ్యి. నా పేరు మాత్రం రాయొద్దను. రాస్తే బిళ్ల పీకినోడని రాయాలె.

జానయ్య


మహబూబ్‌నగర్
16 డిసెంబర్ 2018

అన్నకు,

మనిషి దొరికిండు.

నువ్వు రాసిన అక్షరాలు సారు ఇటలీల ఒక సైకిళ్ల సంఘపోళ్లకు పంపిండు. ఐదు వారాలు చప్పుడు లేదు. మొన్న వచ్చింది. క్రేమా అని వాళ్లకాడ ఒక ఊరు. అక్కడ వెర్దొలిన్ అని ఇంటిపేరున్నాయన సైకిల్ దుకాణం పెట్టుకొని ఉండె. పంచర్లేసుడు, చక్రాలు సీదా చేసుడు, బాపు లెక్కనే. యుద్ధంల ఆయనకు ఎడమ చెయ్యి పడిపోయిందట. ఒంటి చెయ్యితోని మడిచేటట్టు కావాలని కీలు ఏటవాలుగ పెట్టుకున్నడు. మొదలు తనకోసం ఒకటి చేసుకున్నడు. చూసినోళ్లు అడిగితే ఇంకిన్ని. అన్నీ కలిపి అరవై దాటలేదట. బెనిత్తు ఫాదర్‌ది ఆ పక్క ఊరే.

ఆయన బిడ్డ ఉంది, ఎనభై ఏండ్లు. మన సైకిల్ ఫొటోలు చూసింది. సారు ఆమె జాబును తెలుగుల చదివి వినిపించిండు. "మా నాయిన చైన్ దిక్కు కప్పు ఎంత గట్టిగ బిగిస్తుండెనంటే, విప్పలేక మా ఊరి మెకానిక్కులే వాపస్ తెస్తుండ్రి. దాన్ని విప్పి, పాడు చేయకుండ మళ్లా పెట్టినాయన ఎవరు? ఆయనకు నా నమస్కారం చెప్పుండ్రి" అని రాసింది. నా గురించి ఒక్క ముక్క లేదు. అన్నేండ్లు తొక్కింది నేను, నమస్కారం నీకు. నవ్వుకుంట రాస్తున్ననని అనుకోకు.

ఇప్పుడు నా సంగతి. నువ్వు అంతా రాసినంక నేను ఊకుంటే ఆ దేవుడు గూడ నన్ను చూడడు.

ఫాదర్ పోయే దినం బాపుతోని నేను గూడ బంగ్లాకు పోయిన. ఆయన వరండాల సైకిల్ బాపు చేతికిచ్చి, ఆయనకొచ్చిన తెలుగుల, "లచ్చయ్య, ఇది జానయ్యకు. జానయ్య దీని డాక్టర్" అన్నడు. నేను నా చెవులతో విన్న.

తొవ్వల బాపు సైకిల్ నడిపించుకుంట వస్తున్నడు. "అన్నకు దుకాణం ఇస్తున్నవ్, పానాలు ఇస్తున్నవ్, నీ పక్కన జాగా ఇస్తున్నవ్. నాకు గిదన్న ఇయ్యి బాపూ" అన్న. బాపు ఆగిండు. "మీ అన్నకు చెప్పకు" అన్నడు. అంతే. ఇంటికొచ్చినంక ఆయన ఏమన్నడో నువ్వే రాసినవ్.

నువ్వు పీకింది బిళ్ల. నేను సైకిలే తీసుకున్న. బాపు దవాఖానల నన్ను ఎందుకు అడిగిండో నాకు తెలుసు అనుకుంటున్న. సైకిల్ నీదని నీకు చెప్పమననీకె అయి ఉంటది. నేను మూడో దినం వచ్చి, ఆ మాట వస్తదేమోనని డాక్టర్‌తోని ఎక్కువ మాట్లాడిన, బాపుతోని తక్కువ మాట్లాడిన.

మెర్సీ


రామన్నపేట
20 జనవరి 2019

మెర్సీకి,

నీ జాబు క్రిస్మస్ ముందట ముట్టింది. చర్చికి పోలె. దుకాణం నాలుగు దినాలు తెర్వలె. బాపు ఫొటో గోడకు ఉంటే తీసి బియ్యం డబ్బా వెనక పెట్టిన. నాగులమ్మ మళ్లా పెట్టింది. మళ్లా తీసిన.

సైకిల్ పంపు.

జానయ్య


మహబూబ్‌నగర్
10 ఫిబ్రవరి 2019

అన్నకు,

రఘుపతి సారు నల్లగొండకు పెండ్లికి వస్తున్నడు. కారు డిక్కీల సైకిల్ పెట్టిన. ఈ జాబు ఆయన చేతికే ఇస్తున్న.

చైన్‌కు నూనె పెట్టలె. నేను పెడితే నీకు నచ్చదు.

సారు నిన్ను చూడాలంటున్నడు, కసురుకోకు. మంచోడు.

మంచం కింద జాగా ఖాళీ అయింది. ఊడుస్తుంటే చీపురు గోడదాక పోతాంది. ఈ ఇంట్ల దిగినంక ఆ గోడ నేను ఎన్నడు చూడలె.

మెర్సీ


రామన్నపేట
24 మార్చి 2019

చెల్లె మెర్సీకి,

సైకిల్ మంచిగనే ముట్టింది. మీ సారు రెండు గంటలు దుకాణంల కూసున్నడు. నాకు వినపడదని పలక మీద రాసి అడిగిండు. కప్పు నేను విప్పి చూపించిన. ఆయన చేతులకు గ్రీజు అంటితే నా గుడ్డకే తుడుచుకున్నడు. పోయేటప్పుడు, ఇటలీ ఆమెకు జాబు రాస్త, నీ పేరు తెలుగుల నీ చేతితోనే రాసియ్యి అన్నడు. రాసిచ్చిన.

ఆయన పోయినంక ఎక్కిన. నవ్వకు. చిన్నప్పుడు మరమ్మతు చేసి చూసేదానికి నాలుగడుగులు తొక్కుడే గని, నాది అని ఎన్నడు ఎక్కలె. సీటు ఆఖరుదాక లేపిన. బస్టాండ్ దాక పోదామని బయలెల్లిన. పోస్టాఫీసు కాడనే దిగిన. మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుంటున్నయి. చాయ్ హోటల్ కాడోళ్లు నోర్లు మూసుకొని నవ్విండ్రు. నడిపించుకుంట వాపస్ వచ్చి అరుగు మీద కూసున్న. గింత సైకిల్ కోసమా నేను చెల్లెను చూసి ఓర్వలేకపోయింది అనుకున్న. గని నాకు ఇయ్యలేదనేది అట్లనే ఉంది మెర్సీ. నా మోకాళ్లకు తాకుతదని నేను తొక్కి తెలుసుకునేదుండె, నాకు బదులు బాపు తేల్చేది కాదు. ఆయన మీద కోపం తీరలె. నీ మీద జర తగ్గింది. ఎంత అని అడగకు.

ఇంకో సంగతి. నేను కూసుంటే నాగులమ్మ వచ్చి, "నడుమ కడ్డీ లేదు, చీరకు అడ్డం రాదు, నేనొకసారి కూసోనా?" అన్నది. యాభై ఏడేండ్ల మనిషి. పెండ్లయిన నాటి నుంచి సైకిల్ దుకాణం ఇంట్ల ఉంది, ఒక్కనాడు ఎక్కుతనని అడగలె. నేను గూడ అడగలె. వెనక సీటు పట్టుకొని పొద్దున బడి మైదానంల ఉరికిన, పన్నెండు దినాలు. రెండుసార్లు పడ్డది, మోచెయ్యి గీసుకపోయింది. పదమూడో దినం నేను విడిచిపెట్టిన. ఆమెకు తెల్వదు, నేను వెనకనే ఉన్నననుకొని ఏదో మాట్లాడుకుంట మైదానం అంత చుట్టి వచ్చింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలె.

ఇప్పుడు అంగడికి దాని మీదనే పోతాంది. హ్యాండిల్‌కు సంచి తగిలించుకొని. ఊరోళ్లు చూస్తున్నరని ఇంకింత నెమ్మదిగ తొక్కుతది.

సైకిల్ వాపస్ పంపను. రాసి పెట్టుకో.

జానయ్య


మహబూబ్‌నగర్
7 ఏప్రిల్ 2019

అన్నకు,

వదిన సంగతి చదివి మస్తు సంతోషమైంది అని రాద్దామని కూసున్న. రెండు కాయితాలు చింపిన. సంతోషం కాలె. మండింది.

నేను ఆ సైకిల్ మీద ఎండల పోయిన, వానల పోయిన, కాన్పులకు పోయిన, సచ్చినోళ్ల ఇంటికి గూడ పోయిన. ఏ ఊర్లె దిగినా చేతి గడియారం చూసుకుంటనే దిగిన. ఒక్కనాడు ఊరికే తొక్కలె. నన్ను వెనకనుంచి పట్టుకొని ఉరికినోళ్లు లేరు. దెబ్బలు తాకించుకొని నా అంతల నేనే నేర్చుకున్న. ఇప్పుడు వదిన కూరగాయలకు పోతాంది, వెనక నువ్వు ఉరుకుతున్నవ్. అది తలుచుకుంట నేను రెండు దినాలు అన్నం సరిగ తినలె. యాభై ఎనిమిదేండ్లకు నాకు గిదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్న. తిట్టినా పోలె.

వచ్చే ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్న. సైకిల్ అడగను, ఆ ఫికర్ పెట్టుకోకు. నాకు మోకాళ్ల నొప్పులు, ఎక్కినా తొక్కలేను. వెనక క్యారియర్ ఒక మనిషి బరువు ఆపుతదో లేదో చూసి, బోల్టులు గట్టిగ బిగించి పెట్టు. వదిన తొక్కితే నేను వెనక కూసుంట. ముందుగాల ఆమెను అడుగు. కాదన్నా వస్త.

నీ చెల్లె,
మెర్సీ